ఈట వెదురు గుల్లలో కాపురముండే కప్ప: కలాజోడిస్ పొదకప్పను వెతికి, చూసి, నమోదు చేసే పద్ధతి

పడమటి కనుమల దక్షిణపు కొసన, తమిళనాడు, కేరళ సరిహద్దు కొండల్లో, మన బొటనవేలి పైకణుపు కంటే పెద్దది కాని ఒక ఆకుపచ్చ కప్ప ఉంది. జీవశాస్త్రంలో దాని పేరు రావోర్కెస్టిస్ కలాజోడిస్. రిచర్డ్ హెన్రీ బెడ్డోం తిరువాన్కూరు కొండల నుండి పంపిన నమూనాలను పరిశీలించి, లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఆల్బర్ట్ గుంతర్ 1876లో దీనిని మొదటిసారిగా వర్ణించాడు. ఆ తరువాత తరాలు గడిచినా ఇది మళ్ళీ కనబడిన దాఖలా లేకపోయింది. కనుమరుగైన ఉభయచరాలను వెతకడానికి ఉభయచర శాస్త్రవేత్త ఎస్.డి. బిజు నాయకత్వంలో 2010 నవంబరులో దేశవ్యాప్తంగా ఒక అన్వేషణ మొదలైంది. 136 ఏళ్ళ తరువాత ఈ కప్ప మళ్ళీ దొరికిందని ఆ అన్వేషణ తరఫున 2011 ఫిబ్రవరిలో ప్రకటించారు.

అన్నేళ్ళు కంటికి చిక్కకపోవడానికి ఒక బలమైన కారణం ఆ తరువాతి పరిశోధనల్లో బయటపడింది. ఈ కప్ప చెరువులోనో వాగులోనో గుడ్లు పెట్టదు. నిలబడి ఉన్న వెదురు కాడలోకి సన్నని చీలిక గుండా దూరి, ఆ గుల్లలో గుడ్లు పెట్టి, అక్కడే కాపు కాస్తుంది. కాబట్టి దీనిని చూడాలనుకునేవారు వెతకవలసినది కప్పను కాదు, కాడకు పడిన చీలికను. ఎంత పట్టుదల ఉన్న పరిశీలకుడికైనా ఈ సంగతి తెలియకపోతే రాత్రుల తరబడి తిరిగినా ఆకుల మీద వేరే పొదకప్పలే కనబడతాయి. ఉభయచరాలపై ఆసక్తి ఉన్న విద్యార్థులకూ, అటవీ సిబ్బందితో కలిసి సర్వేలకు వెళ్ళే స్వచ్ఛంద కార్యకర్తలకూ ఉపయోగపడాలని ఈ పద్ధతిని రాస్తున్నాను. ఇందులోని ప్రతి మెట్టూ ఒక్క నియమం మీద నిలిచి ఉంది: మనం అక్కడ ఉన్నంతసేపూ గుల్లలోని మగకప్ప గుడ్లను వదిలి బయటికి రాకూడదు.

ముందుగా ఈ కప్ప బతికే తీరు

రావోర్కెస్టిస్ అన్న ప్రజాతిని, అంటే దగ్గరి జాతులను కలిపిన గుంపును, 2010లో ఏర్పరిచారు. ఆ పేరులోని 'రావు' భారతీయ ఉభయచర శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరైన సి.ఆర్. నారాయణరావు గారి గౌరవార్థం పెట్టినది. ఈ ప్రజాతిలోని కప్పలకు తోకకప్ప దశ నీటిలో గడవదు. గుడ్డులోనే పిల్ల పూర్తిగా రూపు దిద్దుకుని, నాలుగు కాళ్ళతో, చిన్న కప్పగానే బయటికి వస్తుంది. దీనినే ప్రత్యక్ష వికాసం అంటారు. నీరు నిలవని ఏటవాలు కొండ అడవుల్లో ఇంతమంది పొదకప్పలు నిలదొక్కుకోవడానికి ఈ గుణం ఎంతగానో తోడ్పడింది. అయితే నీటి అవసరం లేనంత మాత్రాన తేమ అవసరం లేదని కాదు. గుడ్లు ఎండిపోకుండా, మునిగిపోకుండా, చీమల పాలు కాకుండా ఉండే చోటు కావాలి. ఈ ప్రజాతిలోని అనేక జాతులు ఆకుల మీద, నాచులో, నేల మీద రాలిన ఆకుల కింద గుడ్లు పెడతాయి. కలాజోడిస్ మాత్రం వెదురును ఎంచుకుంది.

ఆ వెదురు మనకు మైదానపు అడవుల్లో కనిపించే బొంగు వెదురు కాదు. ఓక్లాండ్రా ప్రజాతికి చెందిన సన్నని రెల్లు వెదురు అది, మలయాళంలో 'ఈట' అంటారు. ముళ్ళు ఉండవు, గోడ పలుచన, ఒక కణుపుకూ మరో కణుపుకూ నడుమ దూరం చాలా ఎక్కువ. వాగుల అంచుల్లోనూ, తడి ఏటవాలుల్లోనూ గుబురుగా, మనిషి చొరబడలేనంత దట్టంగా పెరుగుతుంది. కణుపుల నడుమ ఉన్న ఆ పొడవాటి బోలు భాగాన్ని ఈ వ్యాసంలో గుల్ల అని పిలుస్తాను. పురుగులో, ఎలుక జాతి జంతువులో తొలిచినప్పుడు పలుచని గోడకు నిలువుగా చిన్న చీలిక పడుతుంది. దాని వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే. సుమారు రెండున్నర సెంటీమీటర్ల కప్ప అందులోంచి దూరగలదంటే చూసేవరకు నమ్మబుద్ధి కాదు. తలను ముందుగా చొప్పించి, ఒంటిని అదిమి పట్టి, ఒక్కొక్క కాలినీ లోపలికి లాక్కుంటూ జారిపోతుంది.

కె.ఎస్. శేషాద్రి, కె.వి. గురురాజ, డేవిడ్ బిక్‌ఫోర్డ్ కలిసి చేసిన పరిశోధన వల్ల ఈ సంతానోత్పత్తి విధానం వెలుగులోకి వచ్చింది. అప్పటిదాకా కప్పల్లో ఎక్కడా నమోదు కాని విధానంగా దీనిని గుర్తించారు. వాన నీరు నిండిన వెదురు మొద్దుల్లో గుడ్లు పెట్టే కప్పలు ఇతర దేశాల్లో ఉన్నాయి గాని, పక్కగోడలోని చీలిక గుండా ప్రవేశించి, నీరు లేని గుల్లలో ప్రత్యక్ష వికాసం చెందే గుడ్లు పెట్టి కాపలా కాయడం వేరే సంగతి. ఇదే అలవాటు దీని దగ్గరి బంధువైన రావోర్కెస్టిస్ ఓక్లాండ్రేలోనూ కనబడింది. కేరళలోని కక్కయం అడవుల నుండి 2007లో వర్ణించిన ఆ జాతి పేరులోనే ఈట వెదురు ఉంది.

గుడ్లను కాచేది తండ్రి. ఒక్కో విడతలో పెట్టే గుడ్లు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే కాబట్టి ఒక్కటి పోయినా నష్టమే. శేషాద్రి, బిక్‌ఫోర్డ్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో కొన్ని గుల్లల నుండి మగకప్పలను తప్పించి చూశారు. కాపలా లేని గుడ్లలో నష్టం బాగా పెరిగింది. అందులో పెద్ద భాగం అదే జాతికి చెందిన ఇతర మగకప్పలు గుడ్లను తినివేయడం వల్ల జరిగినదే. మంచి గుల్లలు తక్కువ, కోరుకునేవారు ఎక్కువ. గూడు చేజిక్కించుకోవడానికి వచ్చిన పొరుగు మగకప్ప కొద్దిసేపటిలోనే గుడ్లన్నిటినీ ఖాళీ చేయగలదు. మన కాలి అదురుకో, మన దీపపు వెలుగుకో బెదిరి తండ్రి బయటికి దూకితే ఆ గూటికి జరిగేది ఇదే. ఇక ముందు చెప్పబోయే జాగ్రత్తలు అతిగా అనిపిస్తే ఈ పేరాను మళ్ళీ చదవాలని నా మనవి.

అనుమతి, చోటు, కాలం

ఈ కప్ప పరిశోధనలు ఎక్కువగా సాగిన కళక్కాడు ముండంతురై పులుల అభయారణ్యం తిరునెల్వేలి వైపు కొండల్లో ఉంది. రెండు అభయారణ్యాలను కలిపి 1988లో దీనిని పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. అక్కడ సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తున, సతతహరిత అడవి నడుమ ఈట పొదలు విస్తారంగా ఉన్నాయి. అభయారణ్యంలో అధ్యయనానికీ, ఛాయాచిత్రాలకూ ప్రవేశించాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షను కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి అనుమతి కావాలి. రాత్రి పూట తిరగడానికి అనుమతి పత్రంలో ఆ మాట స్పష్టంగా ఉండాలి. కప్పను చేతితో పట్టుకోవడం, కాడను కోయడం, గుడ్లను తీయడం సాధారణ సందర్శన అనుమతిలో ఎన్నటికీ భాగం కావు. అనుమతి చేతికి రావడానికి నెలలు పడుతుంది కనుక వానాకాలంలో వెళ్ళదలచినవారు వేసవికి ముందే దరఖాస్తు చేసుకోవాలి. ఏదైనా విశ్వవిద్యాలయపు పరిశోధక బృందంలో స్వచ్ఛందంగా చేరడం ఇంతకంటే మేలైన దారి అని నా అభిప్రాయం.

ఈ కొండలకు రెండు వానాకాలాలు. జూన్ నుండి నైరుతి, అక్టోబరు నుండి ఈశాన్య ఋతుపవనాలు తడుపుతాయి. మొదటి గట్టి వానలు పడి, గాలిలో తేమ నిలిచిన తరువాత మగకప్పలు పిలవడం ఊపందుకుంటుంది. కుండపోతగా కురుస్తున్న రాత్రి కంటే, సాయంత్రం కురిసి తెరిపి ఇచ్చిన రాత్రి వెతకడానికి అనువైనది. ఆకుల మీద పడే చినుకుల చప్పుడులో సన్నని పిలుపు వినబడదు, తడిసిన ఏటవాలులో మన కాలూ నిలవదు.

వెంట ఉండవలసినవి

సామగ్రి పెద్దగా అవసరం లేదు. ఎరుపు వెలుగు వచ్చే తలదీపం, వెలుగును తగ్గించుకోగలిగిన చిన్న టార్చి, దగ్గరి చిత్రాలు తీయగలిగిన కెమెరా, శబ్దాన్ని నమోదు చేసే పరికరం, తేమనూ ఉష్ణోగ్రతనూ చూపే చిన్న మీటరు, జీపీఎస్, వాన పుస్తకం అని పిలిచే తడవని కాగితాల నోటుపుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. తడిలో కలం రాయదు. గుల్ల లోపలికి చూడగలిగే సన్నని గొట్టపు కెమెరా, అంటే ఎండోస్కోపు, ఇప్పుడు అందుబాటు ధరలోనే దొరుకుతున్నా దానిని అనుమతి పొందిన, తగిన శిక్షణ ఉన్న పరిశోధకులకే వదిలివేయాలి. చీలికలో దూర్చిన గొట్టం తండ్రి కప్పకు ఉన్న ఒకే ఒక ద్వారాన్ని మూసివేస్తుందన్న సంగతి ఆ పరికరం కొన్నవారికి సాధారణంగా తోచదు.

జలగల మేజోళ్ళు తొడుక్కోవాలి. కాని ఒంటికి దోమల మందు గాని, జలగల మందు గాని పూసుకుని కప్పల దగ్గరికి వెళ్ళకూడదు. కప్ప చర్మం నీటినీ గాలినీ పీల్చుకునే చర్మం, మన చేతుల మీది రసాయనాన్ని కూడా పీల్చుకుంటుంది. ఆకుల మీద, కాడల మీద మనం వదిలిన జాడ సైతం వాటికి అంటుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది బూట్ల శుభ్రత. కైట్రిడ్ అనే శిలీంధ్రం ప్రపంచమంతటా కొండ అడవుల కప్పలను తుడిచిపెట్టింది. దాని బీజాలు నీటిలో ఈదుతాయి, బురదలో బతుకుతాయి, చల్లని తడి కొండలే దానికి అనుకూలం. పడమటి కనుమల్లో దాని ఉనికి ఇప్పటికే నమోదైంది. అందుచేత ఒక లోయ నుండి మరో లోయకు వెళ్ళేటప్పుడు బూట్ల అడుగున ఉన్న మట్టిని ముందుగా బ్రష్షుతో పూర్తిగా రుద్ది తీసివేయాలి. ఆ తరువాతే డెబ్బై శాతం ఆల్కహాలుతో గాని, బ్లీచింగు ద్రావణంతో గాని తడిపి, కొన్ని నిమిషాలు ఉంచి, బాగా ఆరనివ్వాలి. మట్టి ఉండగా మందు చల్లితే మందు మట్టికే పడుతుంది, బీజాలకు చేరదు. కెమెరా స్టాండు కాళ్ళను మరిచిపోవడం పరిపాటి, వాటినీ ఇలాగే శుభ్రం చేయాలి. ఈ పని వాగుకు దూరంగా, రోడ్డు మీద జరగాలి.

పగలు చేయవలసిన పని

రాత్రి విజయం పగటి పని మీద ఆధారపడుతుంది. ఉదయం వెలుగులో ఈట పొద అంచు వెంబడి నెమ్మదిగా నడుస్తూ, పొద లోపలికి దూరకుండా, బయటి వరుస కాడలను కింది నుండి పైకి ఒక్కొక్క కణుపూ చూస్తూ పోవాలి. కొత్త కాడ ముదురాకుపచ్చగా నున్నగా ఉంటుంది, పాతది పసుపు తిరిగి మచ్చలు పడి ఉంటుంది. చీలిక నీడలో గీతలా కనిపిస్తుంది. తాజాగా పడినదాని అంచులు లేతరంగులో పీచులు లేచి ఉంటాయి, పాతవాటి అంచులు గోధుమరంగుకు తిరిగి నున్నబడి ఉంటాయి. ప్రతి చీలికా కప్ప ఇల్లు కాదు. చీమలు బారులు తీరి వెళ్తున్నదీ, సాలీడు దట్టంగా గూడు అల్లినదీ, పగిలి విచ్చిపోయి వాన నేరుగా లోపల పడుతున్నదీ పక్కన పెట్టవచ్చు. గుల్ల చుట్టూ మూసుకుని ఉండి, ఒకే సన్నని ద్వారం ఉన్న కాడను గుర్తు పెట్టుకోవాలి.

గుర్తు ఆ కాడ మీద పెట్టకూడదు. రెండడుగుల దూరంలోని వేరే మొక్కకు రంగు దారం కట్టి, ఆ దారం నుండి కాడ ఏ దిక్కున, ఎంత దూరంలో, నేల నుండి ఎంత ఎత్తున ఉందో పుస్తకంలో రాసుకోవాలి. పని పూర్తయిన రోజున దారాలన్నిటినీ లెక్కపెట్టి విప్పుకుని రావాలి.

కాడను తట్టి చూడాలనే కోరిక చాలామందికి కలుగుతుంది, దానిని అణచుకోవాలి. ఈట గుల్ల డోలు వంటిది. వేలితో మెల్లగా తట్టినా లోపలివారికి అది పెద్ద మోతే. నేను మొదటిసారి ఒక ఏటవాలు మీద కాలు జారబోయి, పట్టు కోసం చేతికి అందిన ఈట కాడను పట్టుకున్నాను. ఆ కాడలో కాదు, అదే మొదలు నుండి లేచిన మూడో కాడలో అప్పటిదాకా పిలుస్తున్న కప్ప చటుక్కున ఆగిపోయింది. అక్కడే కదలకుండా కూర్చుని గడియారం చూసుకున్నాను. అది మళ్ళీ నోరు విప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. మొదళ్ళు నేల కింద కలిసే ఉంటాయి కాబట్టి అదురు ఒక కాడతో ఆగదని ఆ రాత్రి అర్థమైంది. అప్పటి నుండి ఈట పొద దగ్గర చేతికర్ర లేకుండా నిలబడలేదు.

పగటి నడకకు మరో ప్రయోజనం ఉంది. ఈట ఏనుగులకు ఇష్టమైన మేత. తాజాగా విరిచిన కాడలు, వేడి చల్లారని లద్దె కనిపిస్తే ఆ రాత్రికి ఆ దారిని విడిచిపెట్టాలి. అడవిదున్నలూ ఈ అంచుల్లోనే మేస్తాయి. ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉండే మలబార్ పిట్ వైపర్ పొదల మీద మన చేతి ఎత్తున చుట్ట చుట్టుకుని కదలకుండా ఉంటుంది కనుక చూడని చోట చేయి పెట్టకూడదు. అడవి సిబ్బందిలో ఒకరు, లేదా ఆ కొండలను పుట్టినప్పటి నుండి ఎరిగిన కాణి గిరిజనుల్లో ఒకరు తోడు ఉండడం కేవలం నియమం కోసం కాదు. ఈటతో గుడిసెలు కట్టి, బుట్టలు అల్లుకునే వారికి ఏ పొదలో ఏ కాడ ఎలా ఉందో మనకంటే బాగా తెలుసు.

రాత్రి వినడం, చూడడం

చీకటి పడకముందే గుర్తించిన పొదకు నాలుగైదు మీటర్ల దూరంలో స్థిరంగా కూర్చోవాలి. చీకటి పడిన తరువాత నడిచి వెళ్ళడం కంటే ముందే చేరి కూర్చోవడం ఎంతో మేలు, ఎందుకంటే కప్పలు పిలవడం మొదలుపెట్టేసరికి మనం ఆ చోటులో ఒక భాగమైపోయి ఉంటాము. దీపాలన్నీ ఆర్పి అరగంట పాటు వినడమే పని. కొండ అడవిలో ఒకేసారి అనేక జాతుల పొదకప్పలూ, కీచురాళ్ళూ గొంతు కలుపుతాయి కాబట్టి, బయలుదేరే ముందే ఆ ప్రాంతపు జాతుల పిలుపులను నమోదైన శబ్దాల నుండి పదే పదే విని చెవికి అలవాటు చేసుకోవాలి. మగకప్పలు కాడ మీద కూర్చునీ పిలుస్తాయి, గుల్లలో నుండీ పిలుస్తాయి. గుల్లలోంచి వచ్చే శబ్దానికి దిక్కు పోల్చుకోవడం కష్టం. ఇద్దరు మనుషులు మూడు నాలుగు మీటర్ల ఎడంగా కూర్చుని, ఒక్కొక్కరూ తమకు వినబడిన దిక్కుకు కర్రను నేల మీద ఉంచితే, ఆ రెండు గీతలు కలిసే చోట పిలుస్తున్న కాడ ఉంటుంది. పగలు గుర్తించిన చీలికల పట్టిక ఇక్కడ పనికివస్తుంది.

నమోదు చేసిన పిలుపును వినిపించి కప్పను రప్పించే పద్ధతి పక్షుల పరిశీలనలో ఉన్నదే గాని, ఈ జాతి దగ్గర దానిని వాడడం తప్పు. మనం వినిపించే గొంతు ఒక పోటీ మగకప్ప గొంతు. కాపలా కాస్తున్న తండ్రి దానిని ఎదిరించడానికి గూడు వదలవచ్చు, లేదా నిజమైన పోటీదారు ఆ చోటికి రావచ్చు. రెండింటిలో ఏది జరిగినా ముప్పు గుడ్లకే.

చోటు ఖాయమైన తరువాత ఒక్కరే, ఎరుపు దీపంతో, కాడకు ఒక మీటరు దూరం వరకు వెళ్ళాలి. ఎరుపు వెలుగులో ఆకుపచ్చ కప్ప ఆకుపచ్చగా కనిపించదు. నల్లని చిన్న ముద్దలా, కాడ మీది బుడిపెలా ఉంటుంది. రంగు కోసం కాక ఆకారం కోసం చూడాలి, అంటే కాడకు అదుముకున్న బొద్దు ఒళ్ళు, వేళ్ళ చివరల గుండ్రని బిళ్ళలు, గొంతు కింద పొంగి తగ్గే సంచి. గుర్తింపు కోసం తెల్లని వెలుగు తప్పనిసరి అయినప్పుడు, టార్చిని కప్ప మీదికి కాక పక్క ఆకు మీదికి వేసి, ఆ తిరుగు వెలుగులో కొన్ని క్షణాలు చూసి ఆర్పివేయాలి. అప్పుడు కనబడే దృశ్యాన్ని నేను ఎన్నటికీ మరువలేను. మెరిసే లేత ఆకుపచ్చ వీపు, కాలు కదిపినప్పుడు మాత్రమే తొంగిచూసే బూడిద నీలపు తొడ, నల్లని కంటిలో బంగారు మచ్చలు. గ్రీకులో వడగల్లు అనే అర్థం ఉన్న మాట నుండి కలాజోడిస్ అన్న పేరు వచ్చింది. దాని ఒంటి మీది తెల్లని చుక్కలను చూసినవారికి ఆ పేరు వెంటనే అర్థమవుతుంది. ఆకుపచ్చ వీపు ఒక్కటే చూసి జాతిని తేల్చకూడదు, ఈ కొండల్లో ఆకుపచ్చ పొదకప్పలు ఇంకా ఉన్నాయి. తొడ రంగు, కంటి మచ్చలు, ఈటతో ఉన్న బంధం మూడూ కలిసినప్పుడే పేరు రాయాలి. తొడ కనబడకపోతే 'ఆకుపచ్చ పొదకప్ప, జాతి తేలలేదు' అని రాయడమే నిజాయితీ.

కప్ప చీలికలోకి దూరుతున్నా, లోపల నుండి ముట్టె మాత్రమే బయటికి పెట్టి చూస్తున్నా, ఇక దగ్గరికి వెళ్ళకూడదు. ఒక కాడ దగ్గర రాత్రికి పది నిమిషాలకు మించి ఉండకూడదనీ, ఒకే కాడకు వరుసగా రెండు రాత్రులు వెళ్ళకూడదనీ నాకు నేను పెట్టుకున్న హద్దు. పిలుపు ఆగిపోతే పది నిమిషాలు కాకపోయినా వెనుదిరగాలి.

నమోదులో ఉండవలసినవి

చిత్రాలు మూడు చాలు. పక్క నుండి ఒకటి, వీపు కనబడేలా ఒకటి, కప్పనూ చీలికనూ కాడనూ కలిపి దూరం నుండి ఒకటి. ఫ్లాషును పదే పదే వాడకూడదు. కప్ప పక్కన కొలబద్ద పెట్టే అలవాటును ఇక్కడ మానుకోవాలి. కొలత కావాలంటే చిత్రంలో కాడ ఎలాగూ ఉంటుంది, ఆ కాడ మందాన్ని తరువాత కొలుచుకుంటే చిత్రంలోని కప్ప పొడవును దాని నిష్పత్తిలో లెక్కకట్టవచ్చు.

శబ్దాన్ని కనీసం మూడు నిమిషాలు, కుదించని వేవ్ ఫైలుగా నమోదు చేయాలి. కుదించిన ఫైలులో చెవికి తేడా తెలియకపోయినా విశ్లేషణకు కావలసిన సూక్ష్మ భాగాలు పోతాయి. నమోదు చివర మెల్లని గొంతుతో తేదీ, సమయం, ఉష్ణోగ్రత, తేమ చెప్పాలి. కప్పల ఒంటి వేడి గాలి వేడిని అనుసరిస్తుంది కాబట్టి చల్లని రాత్రి పిలుపు వేగం తగ్గుతుంది. ఉష్ణోగ్రత రాయని నమోదును మరొకదానితో పోల్చడం సాధ్యం కాదు.

కాడ గురించి రాయవలసినది కప్ప గురించి రాయవలసినదాని కంటే ఎక్కువ. నేల నుండి చీలిక ఎత్తు, గుల్ల పొడవు, కింది కణుపు నుండి చీలిక ఎంత పైన ఉంది, చీలిక పొడవు వెడల్పులు, కాడ చుట్టుకొలత, గుల్లకు ద్వారం ఒకటేనా, పొదకు వాగు ఎంత దూరం, పొదలో ఎన్ని కాడలు నరికి ఉన్నాయి అన్నవన్నీ కావాలి. చివరిదానిని తప్పక రాయాలి. ఈటను చాపలకూ బుట్టలకూ కాగితపు గుజ్జుకూ కోస్తారు, కోత పడిన కాడతో పాటు లోపలి సంసారమూ తరలిపోతుంది. కోతను పూర్తిగా ఆపడం ఆ పని మీద బతికేవారికి అన్యాయం. గుడ్లు పెట్టే నెలల్లో ఆపి, చీలిక పడిన కాడలను వదిలి, మిగిలిన కాలంలో కోసుకోవడం సాధ్యమే. ఏ నెలలో ఎన్ని గుల్లల్లో కప్పలున్నాయో చెప్పే లెక్కలే ఆ మాటను అటవీశాఖ ముందు నిలబెట్టగలవు. మనం రాసే ఒక్కొక్క వరుసా ఆ లెక్కలో కలిసేదే.

ఆక్రమించి ఉన్న గుల్లకు ఈ కొలతలేవీ ఆ రాత్రి తీయకూడదు. ఎత్తును కంటి అంచనాతో, 'అంచనా' అని పక్కన రాసి నమోదు చేయాలి. తిరిగి వచ్చిన తరువాత పరిశీలనను ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి వేదికకు ఎక్కించేటప్పుడు అసలు జీపీఎస్ అంకెలను బయటపెట్టకుండా, స్థలాన్ని జిల్లా స్థాయికి మసకబరచాలి. కచ్చితమైన అంకెలను అనుమతి ఇచ్చిన కార్యాలయానికీ, ఆ జాతి మీద పనిచేస్తున్న పరిశోధకులకూ నేరుగా పంపాలి. చిత్రంలో వెనుక కనిపించే కొండ శిఖరమో, వంతెనో చోటును పట్టిస్తుంది కనుక దానిని కూడా చూసుకుని కత్తిరించాలి. అరుదైన ఆకుపచ్చ కప్ప అనగానే కెమెరాలు పట్టుకుని ఆ పొదలోకే దూరేవారు ఉంటారు.

గుడ్ల నుండి పిల్లలు బయటపడడానికి కొన్ని వారాలు పడుతుంది. అనుమతి ఉంటే, వానలు వెనుకబట్టి ఆ పొదలో పిలుపులు పూర్తిగా సద్దుమణిగిన తరువాత పగటి పూట ఒకసారి తిరిగి వెళ్ళాలి. దారం గుర్తు నుండి కాడను వెతుక్కుని, చీలిక దగ్గర సాలీడు కొత్తగా గూడు అల్లి ఉందా, లోపలి నుండి కదలిక ఏదైనా ఉందా అని చేయి తగలకుండా చాలాసేపు గమనించాలి. ఖాళీ అయిందని రూఢి అయినప్పుడే టేపునూ, మిల్లీమీటర్లు కొలిచే క్యాలిపర్ పరికరాన్నీ బయటికి తీసి, అంచనాల స్థానంలో అసలు కొలతలు రాయాలి. చీలిక వెడల్పును రెండు చోట్ల, సన్నని చోటా వెడల్పాటి చోటా కొలవాలి. కాడను మాత్రం అలాగే నిలబడి ఉండనివ్వాలి. అదే చీలిక వచ్చే వానాకాలానికి మరో మగకప్పకు ఇల్లు కావచ్చు, అప్పుడు పుస్తకంలో అదే కాడ సంఖ్య కింద రెండో సంవత్సరపు వరుస మొదలవుతుంది.